పిల్లలకు ఇంట్లోనే కార్న్ ఫ్లోర్ గూప్: కలపడం, సరిచేయడం, కడగడం

సెలవులు మొదలైతే చాలు, ఇవే ప్రశ్నలు. "కొలత ప్రకారమే వేశాను, పూరీ పిండిలా అయింది." "నీళ్లలా జారుతోంది, గట్టిపడట్లేదు." "సింకులో పోశాను, నీళ్లు దిగట్లేదు, ఇప్పుడేం చేయాలి?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

గూప్ అంటే కార్న్ ఫ్లోర్, చల్లటి నీళ్లు. అంతే. పిడికిట్లో గట్టిగా నొక్కితే ముద్ద కడుతుంది, పట్టు సడలిస్తే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. కొందరు ఊబ్లెక్ అంటారు. స్లైమ్ దీనికి చుట్టం కాదు, దానికి జిగురు, వెలిగారం (బోరాక్స్) లాంటివి కావాలి. చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో వెలిగారంతో ఆటలు వద్దనే నేను చెబుతాను. గూప్‌లో జిగురు, షాంపూ, నూనె ఏవీ వేయక్కర్లేదు. వేయమని ఎవరైనా చెప్తే వాళ్లు వేరే వస్తువు గురించి మాట్లాడుతున్నట్టు లెక్క.

ముందు పొడి సరైనదేనా చూసుకోండి

కుదరలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమందిది కొలత తప్పు కాదు, పొడి తప్పు. మనకు కావలసింది మంచూరియాకు, సూప్‌కు వాడే తెల్లటి కార్న్ ఫ్లోర్. ప్యాకెట్ వెనక పదార్థాల దగ్గర 'మెయిజ్ స్టార్చ్' అని ఉంటుంది. వీక్‌ఫీల్డ్, బ్రౌన్ అండ్ పోల్సన్ లాంటివి ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. విడిగా అమ్మేది కొంటే చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య గట్టిగా నలిపి చూడండి. మెత్తగా, పౌడర్‌లా ఉండి, నొక్కినప్పుడు కిర్రుమన్నట్టు తగలాలి. పసుపు ఛాయ ఉన్నా, రవ్వగా తగిలినా అది రొట్టెలకు వాడే మొక్కజొన్న పిండి. గింజ మొత్తాన్ని విసిరిన పిండి అది, దాంతో రొట్టె వస్తుంది గానీ గూప్ రాదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇక్కడే తికమక. అక్కడ కార్న్ ఫ్లోర్ అని రాసి ఉన్నది ఆ మొక్కజొన్న పిండే. మీరు కార్న్ స్టార్చ్ అని ఉన్న డబ్బా తీసుకోవాలి. బ్రిటన్‌లో కార్న్ ఫ్లోర్ అంటే మన దగ్గర లాగే తెల్ల స్టార్చ్. ఆస్ట్రేలియాలో మాత్రం గోధుమ నుంచి తీసిన స్టార్చ్‌ను కూడా కార్న్ ఫ్లోర్ పేరుతో అమ్ముతారు. మీ పాపకో బాబుకో గోధుమ పడదంటే లేబుల్ చదవకుండా కొనకండి.

ఇంట్లో కార్న్ ఫ్లోర్ లేకపోతే ఏం వాడొచ్చు?

- బంగాళాదుంప స్టార్చ్: బాగానే వస్తుంది. నీళ్లు ఇంకాస్త జాగ్రత్తగా పోయాలి.
- ఆరారూట్ పొడి, పాలగుండ: ఇవీ స్టార్చే కాబట్టి పనికొస్తాయి. కానీ అంత ఖరీదు పెట్టి కొన్న మంచి పాలగుండను ఆటకు కలిపితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, ఊరుకోకపోవడమే న్యాయం.
- కస్టర్డ్ పౌడర్: ఇందులో ఎక్కువ భాగం మొక్కజొన్న స్టార్చే. రంగు, వెనిలా వాసన దాంతోనే వస్తాయి. వాసన తీపిగా ఉండేసరికి చిన్నవాళ్లు నాకడం మొదలుపెడతారు, అదొక్కటే ఇబ్బంది.
- మైదా: రాదు. జిగటగా సాగి చేతికి అంటుకుంటుంది.
- బియ్యప్పిండి, శనగపిండి: రావు. దోసె పిండిలా, బజ్జీల పిండిలా అవుతాయి, అంతే.
- బట్టలకు పెట్టే గంజి పొడి: వద్దు. తినే సరుకు కాదు, అందులో వేరేవి కలిసి ఉండొచ్చు.

"తినే పిండితో ఆటలేంటి?" అనే అమ్మమ్మలు, నానమ్మలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ల మాటను కొట్టిపారేయను. అందుకే తక్కువ పొడితో మొదలుపెట్టండి, డేట్ ఈ మధ్యే అయిపోయిన ప్యాకెట్ ఉంటే దాన్నే వాడండి (పురుగు, ముక్క వాసన లేకుంటేనే, నోట్లో పెట్టుకోని పెద్ద పిల్లలకైతేనే), ఆడాక ఎండబెట్టి మళ్లీ వాడండి. ఆ పద్ధతి కింద రాశాను.

కావలసినవి

ఒక్కరికైతే:

- కార్న్ ఫ్లోర్ 200 గ్రాములు (100 గ్రాముల ప్యాకెట్లు రెండు)
- మామూలు చల్లటి తాగే నీళ్లు, దాదాపు 150 నుంచి 180 మి.లీ.
- అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం లేదా వెడల్పాటి బేసిన్
- పెద్ద చెంచా ఒకటి, చిన్న గ్లాసులో విడిగా కొన్ని నీళ్లు
- కింద పరచడానికి పాత దుప్పటి, పక్కన తడి గుడ్డ
- ఇష్టమైతే ఫుడ్ కలర్ రెండు మూడు చుక్కలు

ఇద్దరు ముగ్గురు పిల్లలకైతే 500 గ్రాముల పొడికి 400 మి.లీ. దగ్గర నీళ్లు పడతాయి. కాటా లేకపోతే ఏదో ఒక కప్పు తీసుకుని దాంతోనే రెండూ కొలవండి: పొడి రెండు కప్పులు, నీళ్లు ఒక కప్పు. అందులోనూ ముందు ముప్పావు కప్పే పోయాలి. పొడిని కప్పులో అదిమి నింపారా, వదులుగా పోశారా అన్నదాన్ని బట్టి, పొడికి ఎంత చెమ్మ పట్టిందన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలోని పొడికి నీళ్లు తక్కువ పడతాయి. కాబట్టి ఈ అంకెలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికే. ఎక్కడ ఆపాలో మీ చెయ్యే చెప్పాలి.

కలిపే పద్ధతి

1. ముందు చోటు చూసుకోండి. బాల్కనీ, పెరడు, బాత్‌రూమ్ నేల బాగుంటాయి. హాల్లో తివాచీ మీద వద్దు. టైల్స్ మీద తడి గూప్ పడితే కాలు జర్రున జారుతుంది, అందుకే దుప్పటి పరచమన్నది.

2. పొడిని బేసిన్‌లో మెల్లగా వంచండి, ఎత్తు నుంచి కుమ్మరించొద్దు. ఈ పని గ్యాస్ పొయ్యికి, దీపానికి, అగరుబత్తికి దూరంగా చేయండి. గాల్లో లేచిన స్టార్చ్ పొడికి మంట తగిలితే ఒక్కసారిగా అంటుకుంటుంది. 2015 జూన్‌లో తైవాన్‌లోని ఒక వాటర్ పార్కులో రంగు కలిపిన మొక్కజొన్న స్టార్చ్‌ను జనం మీద చల్లుతుండగా అది అంటుకుని 15 మంది చనిపోయారు, వందల మందికి కాలిన గాయాలయ్యాయి. బేసిన్‌లో తడిపిన గూప్‌తో ఆ భయం లేదు. పొడిని గాల్లో ఎగరేసి ఆడనివ్వకండి, అంతే. పొడి ముక్కులోకి పోయినా దగ్గే. కాబట్టి పొడి పోసే పని మీది, కలిపే పని పిల్లలది.

3. రంగు వేయాలనుకుంటే ఇప్పుడే, నీళ్లలో కలపండి. గూప్ తయారయ్యాక చుక్క వేస్తే ఆ చుక్క ఉన్నచోటే చారలా ఉండిపోతుంది, అది అంతటా కలిసేసరికి చేతులు పీకుతాయి. రంగు లేత ఛాయలో ఉంటే చాలు. చిక్కగా వేస్తే వేళ్లకూ గోళ్ల సందుల్లోనూ రెండు రోజులుంటుంది.

4. 200 గ్రాముల పొడికి ముందు 120 మి.లీ. నీళ్లే పోయండి. అంతా ఒకేసారి పోస్తే తర్వాత సరిచేయడానికి ఇంకో ప్యాకెట్ విప్పాలి.

5. చేత్తో కలపండి, మెల్లగా. వేళ్లను అడుగుకు పోనిచ్చి, అక్కడ పేరుకున్న పొడిని పైకి ఎత్తుతూ తిప్పండి. చెంచాతో జోరుగా తిప్పబోతే చెంచా ఇరుక్కుపోతుంది. అందుకే బీటర్, మిక్సీ జోలికి పోకండి. వేగంగా తిప్పే కొద్దీ ఇది గట్టిపడుతుంది, మోటారు మీద భారం పడుతుంది.

6. ఈ దశలో కొంత పొడిగా, కొంత తడిగా, పెళ్లలు పెళ్లలుగా కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి గ్లాసు ఒంపేస్తారు. ఆగండి. ఇప్పటి నుంచి పెద్ద చెంచాతో ఒక్కో చెంచా నీళ్లు మాత్రమే. ఒక చెంచా వేయడం, అర నిమిషం మెల్లగా కలపడం, చూడడం, అప్పుడు ఇంకో చెంచా. మామూలుగా మూడు చెంచాల దగ్గర తేడా తెలుస్తుంది. అంతవరకూ పెళ్లలుగా విరిగినది వేలి మీద నుంచి రిబ్బన్‌లా జారి, పడ్డచోట మెల్లగా చదునవుతుంది. అక్కడ ఆపేయాలి.

7. రెండు నిమిషాలు వదిలి, అడుగు నుంచి ఒకసారి తిప్పి పరీక్షించండి.

వేడి నీళ్లు ఎందుకు వద్దని కూడా అడుగుతుంటారు. చల్లటి నీళ్లలో స్టార్చ్ కరగదు, సన్నటి గింజలు గింజలుగా తేలుతూ ఉంటుంది. వేడి తగిలితే ఆ గింజలు ఉబ్బి పగిలి గంజి అవుతుంది, ఇక అది గూప్ కాదు. గట్టిపడడానికి కారణం కూడా ఆ గింజలే. జాతరలో జనం నెమ్మదిగా కదిలితే దారి దొరుకుతుంది, అందరూ ఒక్కసారి తోసుకుంటే ఎక్కడివాళ్లక్కడ ఇరుక్కుపోతారు. ఇదీ అంతే. మెల్లగా వేలు పెడితే గింజలు జరిగి దారిస్తాయి, గబుక్కున కొడితే ఒకదానికొకటి అడ్డుపడి బిగుసుకుంటాయి. పిల్లలకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

సరిగ్గా వచ్చిందా, లేదా?

మూడు పరీక్షలు. మూడూ నెగ్గాలి.

వేలితో: పై భాగాన్ని వేలితో టక్కున కొట్టండి. వేలు ఆగిపోవాలి, చుక్క కూడా చిందకూడదు. అదే వేలిని బరువు వేయకుండా ఆనిస్తే అడుగుదాకా దిగాలి.

పిడికిలితో: గుప్పెడు తీసి రెండు చేతుల మధ్య లడ్డూ చుట్టినట్టు గబగబా చుట్టండి. చుడుతున్నంతసేపు పొడిబారినట్టు, మెరుపు లేకుండా గట్టిగా ఉంటుంది. చేతులు ఆపి అరచేయి విప్పగానే పైన తడి మెరుపు వచ్చి, లడ్డూ కరిగి మణికట్టు మీదకు కారాలి. ఆ మెరుపు తిరిగి రావడమే అసలైన గుర్తు. కారకుండా ముద్దలాగే కూర్చుంటే నీళ్లు చాలలేదు. చుట్టడానికే రాకపోతే ఎక్కువయ్యాయి.

చెంచాతో: చెంచాను నిటారుగా దించి నెమ్మదిగా లాగితే వచ్చేయాలి, ఒక్క ఉదుటున లాగితే బేసిన్ కూడా కదలాలి.

కుదరకపోతే

*పల్చగా అయింది.* వెంటనే పొడి వేయకండి. పది పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేయండి. స్టార్చ్ అడుక్కి దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. ఆ నీళ్లను చెంచాతో తీసేసి అడుగు నుంచి కలపండి. పొడి ఖర్చు లేకుండా చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది. ఇంకా పల్చగానే ఉంటే అప్పుడు ఒక్కో చెంచా పొడి.

*పొడిపొడిగా విరిగిపోతోంది.* చేతులు తడిపి కలపండి. చాలకపోతే ఒక చెంచా నీళ్లు. ఇక్కడ చేసే తప్పే పెద్దది: రెండు మూడు చెంచాలు ఒకేసారి వేసి, పల్చనైందని పొడి వేసి, మళ్లీ నీళ్లు పోసి, చివరికి బకెట్ గూప్ చేస్తారు.

*మొదట బాగుంది, ఆడుతుంటే గట్టిపడిపోయింది.* ఎండాకాలంలో, ఫ్యాన్ కింద ఇది మామూలే. నీళ్లు ఆరిపోతాయి, పిల్లల చేతులకు కూడా కొంత అంటుకుపోతుంది. గ్లాసులో నీళ్లు పక్కన పెట్టుకోమన్నది దీనికే. మధ్యమధ్యలో చిలకరించండి.

*అడుగున రాయిలా ఉంది, పైన నీళ్లున్నాయి.* పాడవలేదు, అడుక్కి దిగిందంతే. పొడవకండి. ఒక మూల నుంచి వేళ్లతో మెల్లగా పైకి లాగుతూ ఉంటే వదులవుతుంది.

*పసుపు వేశాను, బట్టల మీద ఎర్రగా మారింది.* వంటింటి రంగులు వాడేవాళ్లు దీనికి టెన్షన్ పడతారు. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడడం మనందరికీ తెలిసిందే, సబ్బు పోయేలా జాడించి ఎండలో ఆరేస్తే తగ్గుతుంది. నన్నడిగితే పసుపు కన్నా బీట్‌రూట్ వడకట్టిన నీళ్లు మేలు, లేత గులాబీ రంగు వస్తుంది. ముగ్గుల్లో వేసే రంగులు, హోలీ రంగులు, కుంకుమ వద్దు. అవి నోట్లోకి పోదగ్గవి కావు.

ఎవరికి ఇవ్వొచ్చు, ఎలా ఇవ్వాలి

ఏడాది లోపు పిల్లలకు వద్దు. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు దాటనివాళ్లకు జిప్ కవర్లో పోసి, గాలి తీసేసి, అంచుకు టేపు వేసి ఇవ్వండి. పైనుంచి నొక్కుతూ ఆడతారు. రెండేళ్లు దాటినవాళ్లకు చేతికే ఇవ్వొచ్చు, కానీ మీరు పక్కనే కూర్చోవాలి. ఫోన్ చూసుకుంటూ పక్కన ఉండడం దీనికి పనికిరాదు. వేలు నాకితే కంగారు పడక్కర్లేదు. గుప్పెడు మింగనివ్వకూడదు, పచ్చి పిండి ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది. చేతి మీద గాయం, పగుళ్లు, ఎగ్జిమా ఉంటే ఆ రోజుకు మానండి, నీళ్లు ఆరాక చర్మం బాగా పొడిబారుతుంది. మొక్కజొన్న పడని పిల్లలైతే అసలు వద్దు.

కొందరు పిల్లలకు చేతికి ఏదైనా అంటితే ఒళ్లు జలదరిస్తుంది. "ముట్టుకో నాన్నా, ఏం కాదు" అని చేయి పట్టి ముంచకండి, ఇంకోసారి బేసిన్ దగ్గరికే రారు. చెంచా ఇవ్వండి, బొమ్మ ఇవ్వండి, తుడుచుకోవడానికి గుడ్డ వాళ్ల చేతికే ఇవ్వండి. ఎప్పుడు ఆపాలో తమ చేతుల్లో ఉందని తెలిస్తే ఒక వేలు వాళ్లే పెడతారు.

ఆడించడానికి వేరే బొమ్మలు కొననక్కర్లేదు. బూందీ దూసే చిల్లుల గరిటెలో గూప్ వేసి ఎత్తితే సన్నటి దారాలుగా కారుతుంది. అదే గరిటెలో అరచేత్తో గట్టిగా నొక్కితే కారడం ఆగిపోతుంది, చేయి తీస్తే మళ్లీ మొదలు. మూడేళ్లవాడు దీంతో అరగంట గడిపేస్తాడు. ప్లాస్టిక్ జంతువులను ఊబిలో దించి, లాగి బయటకు తీయడం ఇంకో ఆట: గట్టిగా లాగితే రావు, మెల్లగా లాగితే వస్తాయి. కొంచెం పెద్దవాళ్లకైతే రెండు రంగులు పక్కపక్కన పోసి ఎలా కలుస్తాయో చూడమనండి. చిన్న పూసలు, చింతగింజలు, పప్పులు మూడేళ్ల లోపు పిల్లల గూప్‌లో వేయకండి.

ఆట అయ్యాక

సింకులో గానీ, బాత్‌రూమ్ తూములో గానీ, కమోడ్‌లో గానీ పోయకండి. పోసినప్పుడు దిగిపోయినట్టే ఉంటుంది, పైపు వంపులో పేరుకుని బిగుసుకుంటుంది. ఇప్పటికే పోసేసి ఉంటే మరిగే నీళ్లు పోసే పొరపాటు చేయకండి. లోపలే గంజి కాచినట్టవుతుంది. సింకు కింద బకెట్ పెట్టి, వేస్ట్ పైపు విప్పి, పేరుకున్నది చేత్తో తీసి చల్లటి నీళ్లతో కడగండి.

సరైన పద్ధతి ఇది. బేసిన్‌ను కదపకుండా కొన్ని గంటలు వదిలేస్తే నీళ్లు పైకి తేరుకుంటాయి. రంగు వేయనివైతే ఆ నీళ్లు మొక్కల మొదట్లో పోసేయొచ్చు. అడుగున ఉన్నదాన్ని వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి ఎండలో పెట్టండి. మన ఎండలకు సాయంత్రానికి పెళుసుగా పగిలి వస్తుంది. చిదిమి, జల్లించి, గాలి తగలని డబ్బాలో వేసి 'ఆటకు' అని చీటీ అంటించండి. లేకపోతే ఎవరో ఒకరు సూప్‌లో వేస్తారు. మళ్లీ కావాలంటే నీళ్లు కలిపితే సరి. వద్దనుకుంటే చెత్తబుట్టలో వేయండి.

ఎండబెట్టకుండా రేపటికి ఉంచాలంటే మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజులు ఉంటుంది. బయట వదిలేస్తే వేసవిలో మర్నాటికే పులిసిన వాసన వస్తుంది. వాసన వచ్చినా, మచ్చలు కనిపించినా పారేయాల్సిందే, ఎండబెట్టి దాచడం కూడా వద్దు. ఒంట్లో బాగోలేని పిల్లలు ఆడిన గూప్‌నూ దాచకండి.

చేతులు, కాళ్లు ముందు బకెట్ నీళ్లలో ముంచి కడిగించండి, ఆ నీళ్లు మొక్కలకో బయట మట్టిలోకో పోయండి. సబ్బు ఆ తర్వాత. గిన్నెలను కాగితంతో తుడిచాకే సింకులో వేయండి. బట్టల మీద, దుప్పటి మీద, సోఫా మీద పడింది తడిగా ఉండగా రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. ఆరనిచ్చి దులిపితే పొడిలా రాలిపోతుంది. జుట్టుకు అంటినా అంతే, ఆరాక దువ్వెనతో దువ్వి, ఆ తర్వాతే తలస్నానం.